వీగన్ వైన్ ఎంచుకోవడం: సీసా మీద ఏ మాటను నమ్మాలి, ఏది నమ్మకూడదు

వీగన్ అంటే పాలు, గుడ్డుతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిది. ద్రాక్షపండు పులిస్తే వైన్ అవుతుంది, మరి ఇందులో జంతువు ఎక్కడిది? చాలామంది అడిగే ప్రశ్న ఇదే. జంతువు వచ్చేది పండులోంచి కాదు, వైన్‌ను తేర్చే దగ్గర.

బురదనీళ్ల బిందెలో పటిక తిప్పితే మట్టంతా అడుక్కు దిగి నీళ్లు తేటపడతాయి. పూర్వం చిల్లగింజను అరగదీసి కలిపేవారు. వైన్‌లోనూ అదే పని జరుగుతుంది. పులవడం పూర్తయ్యాక అందులో చచ్చిన ఈస్టు, గుజ్జు నలకలు, కరిగి ఉన్న ప్రొటీన్లు, వగరునిచ్చే టానిన్లు మిగిలిపోతాయి. కొన్ని నెలలు కదపకుండా ఉంచితే చాలావరకు దానంతట అదే తేరుకుంటుంది. అంతకాలం ఆగలేనప్పుడు, లేదా వగరు తగ్గించాలనుకున్నప్పుడు, ఏదో ఒక పదార్థం వేసి ఆ మబ్బును ముద్దగా చేసి అడుక్కు దించుతారు. ఆ పదార్థం ఏమిటన్నదాన్ని బట్టే వైన్ వీగన్ అవుతుందో కాదో తేలుతుంది.

జంతువుల నుంచి వచ్చేవి ప్రధానంగా నాలుగు. గుడ్డు తెల్లసొన, పాలలోని కేసిన్, పశువుల లేదా పందుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, చేప గాలితిత్తిని ఎండబెట్టి చేసే ఐసింగ్లాస్. ఒకప్పుడు ఎండబెట్టిన ఎద్దురక్తం కూడా వాడేవారు. పిచ్చి ఆవుల వ్యాధి భయంతో 1990ల్లో యూరప్ దాన్ని నిషేధించింది. ఐదోది కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు: లైసోజైమ్. ఇది తేర్చడానికి కాదు, బ్యాక్టీరియాను అదుపు చేయడానికి వేసేది. కానీ తీసేది గుడ్డు తెల్లసొన నుంచే.

ఈ నాలుగూ ఒకే పని చేయవు. ఏ రకం వైన్‌లో దేనికి ఎక్కువ అవకాశం ఉందో తెలిస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. తెల్లసొన ఎక్కువగా ఓక్ పీపాల్లో పండిన ఖరీదైన ఎర్ర వైన్లలో కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో, స్పెయిన్‌లోని రియోహా ప్రాంతాల పాత పద్ధతి ఇది. 225 లీటర్ల పీపాకు సుమారు ఐదారు గుడ్ల తెల్లసొన తీసుకుని, చిటికెడు ఉప్పు వేసి, నురగ రానీయకుండా కలిపి, పీపాలో పోసి నెమ్మదిగా తిప్పుతారు. తెల్లసొనలోని ప్రొటీన్ కరుకైన టానిన్లను పట్టుకుని బరువెక్కి మునుగుతుంది. కొన్ని వారాల తర్వాత పైనున్న తేటను వేరే పీపాలోకి తీస్తారు, మడ్డి అడుగున ఉండిపోతుంది. తాగినప్పుడు నాలుక మీద పచ్చి వెలక్కాయ కొరికినట్టుండే పట్టు తగ్గుతుంది. బోర్డోలో మిగిలిపోయిన పచ్చసొనలతోనే కానెలె అనే తీపివంట పుట్టిందని చెప్పుకుంటారు. షెర్రీ అనే వైన్ చేసే స్పెయిన్ ఊరు హెరెస్‌లో తొసీనో దె సియెలో అనే తీపివంట గురించీ ఇదే మాట అంటారు. గుడ్లు ఏ స్థాయిలో వాడేవారో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

కేసిన్ తెల్ల వైన్ల కోసం. గోధుమరంగు తిరిగిన వైన్‌ను, చేదెక్కినదాన్ని అది సరిచేస్తుంది. ఐసింగ్లాస్ కూడా తెల్ల వైన్లకే. చాలా తక్కువ మోతాదు వేసినా మెరిసేంత తేటగా చేస్తుంది. జెలటిన్ ఎరుపులోనూ, తెలుపులోనూ వాడతారు. చవకగా దొరకడం, వగరును గట్టిగా లాగడం దాని గుణాలు.

ఇక వీగన్ ప్రత్యామ్నాయాల్లో ముందు చెప్పుకోవలసింది బెంటొనైట్ అనే మట్టి. అగ్నిపర్వత బూడిద కాలక్రమంలో మారి ఏర్పడిన బంకమన్ను ఇది. లీటరుకు పావు గ్రాము నుంచి ఒక గ్రాము వరకు వేస్తారు. వైన్‌లోని ప్రొటీన్లకు ధన విద్యుదావేశం, ఈ మట్టికి ఋణావేశం. అందుకని రెండూ అతుక్కుని కిందికి దిగుతాయి. తెల్ల వైన్ సీసాలో ఉండగా వేడి తగిలి మబ్బు పట్టకుండా కాపాడేది ఇదే. దీంతో ఇబ్బందులూ ఉన్నాయి. మడ్డి ఉబ్బి ఎక్కువ స్థలం తీసుకుంటుంది కాబట్టి దాంతోపాటు కొంత మంచి వైన్ కూడా పోతుంది. మోతాదు మించితే సువాసన పోయి వైన్ చప్పబడుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బెంటొనైట్ ప్రొటీన్లను తీస్తుంది, టానిన్ల పని దానికి అంతగా చేతకాదు. గుడ్డు, జెలటిన్ టానిన్లను తీస్తాయి. అంటే ఒకే వైన్‌లో రెండూ పడి ఉండొచ్చు. "మేము బెంటొనైట్ వాడతాం" అని వైనరీ జవాబిచ్చినంత మాత్రాన అది వీగన్ అని తేలినట్టు కాదు. "అదొక్కటేనా?" అని అడగాలి.

టానిన్ల పనికి వీగన్ దారిలో బఠాణీ ప్రొటీన్, ఆలుగడ్డ ప్రొటీన్ వచ్చాయి. ఇప్పుడు చాలా వైనరీలు జెలటిన్ బదులు వీటినే తీసుకుంటున్నాయి. పీవీపీపీ అనే కృత్రిమ పాలిమర్ గోధుమరంగును, చేదును తీసేస్తుంది. ఇది కూడా వీగనే. అయితే ప్లాస్టిక్ జాతి పదార్థం వద్దనుకునేవారికి నచ్చకపోవచ్చు. యాక్టివేటెడ్ బొగ్గు వాసనలను, రంగును లాగేస్తుంది, కాస్త చెయ్యి జారితే మంచి సువాసననూ లాగేస్తుంది. కైటోసాన్ పేరు వింటే రొయ్య పెంకు గుర్తొస్తుంది, కానీ యూరప్‌లో వైన్‌కు అనుమతించినది ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు లాంటి శిలీంధ్రాల నుంచి తీసినదే. ఈస్టు నుంచి తీసిన పదార్థాలతోనూ పేచీ లేదు.

రుచిలో తేడా ఉంటుందా? బాగా చేసిన రెండు వైన్లను పక్కపక్కన పెడితే తేర్చిన పదార్థాన్ని నాలుకతో కనిపెట్టడం అసాధ్యమనే చెప్పాలి. ద్రాక్ష, నేల, పులియబెట్టిన తీరు, ఇవే రుచిని నిర్ణయిస్తాయి. బెంటొనైట్ చవకైనదే కాబట్టి వీగన్ అన్న ఒక్క మాటకు ఎక్కువ ధర పెట్టాల్సిన అవసరమూ లేదు. ఆ మాట చూపించి రెట్టింపు అడిగితే పక్క సీసా చూడండి.

లేబుల్ చదవడం

ఒక యూరప్ సీసాను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. ముందు "కంటెయిన్స్" అన్న మాట వెతకండి. "కంటెయిన్స్ సల్ఫైట్స్" అన్నది దాదాపు ప్రతి సీసా మీదా ఉంటుంది, లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే రాయాల్సిందే. సల్ఫైట్ ఖనిజ పదార్థం, దానికీ వీగన్ ప్రశ్నకూ సంబంధం లేదు. ఆ పక్కనే "ఎగ్" అనో "మిల్క్" అనో ఉంటే విషయం తేలిపోయింది, సీసా తిరిగి అరలో పెట్టేయండి. 2012 జులై నుంచి యూరప్‌లో గుడ్డు, పాల అవశేషాలు వైన్‌లో పరీక్షకు దొరికేంత ఉంటే చెప్పడం తప్పనిసరి.

ఆ మాటలు లేకపోతే? ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. లేకపోవడం దేన్నీ రుజువు చేయదు. గుడ్డు వేసి తేర్చాక అవశేషం పరీక్షకు అందనంత తగ్గిపోతే రాయక్కర్లేదు. ఐసింగ్లాస్‌కు మినహాయింపు ఉంది. జెలటిన్ అయితే అలర్జీ జాబితాలోనే లేదు. చేపతో, పశువు ఎముకతో తేర్చిన వైన్ సీసా మీద దాని గురించి ఒక్క అక్షరం లేకపోయినా చట్టప్రకారం తప్పు కాదు.

2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్లకు యూరప్‌లో పదార్థాల జాబితా తప్పనిసరైంది. చాలా సీసాల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే జాబితా వస్తుంది. ఇది మంచి మార్పే. కానీ అందులో తేర్చే పదార్థాలు సాధారణంగా రావు. వాటిని పదార్థంగా కాకుండా తయారీలో సాయపడేదిగా లెక్కేస్తారు. జాబితాలో "ద్రాక్ష, సల్ఫైట్" అని రెండే ఉన్నాయని వీగన్ అనుకోవద్దు.

కాబట్టి నమ్మదగింది వీగన్ అని సూటిగా చెప్పే గుర్తు మాత్రమే. వీగన్ సొసైటీ వారి పొద్దుతిరుగుడు పువ్వు గుర్తు బ్రిటన్‌లో, యూరప్‌లో కనిపిస్తుంది. అమెరికా సీసాల మీద గుండె బొమ్మలో ఇంగ్లిష్ "వి" అక్షరం ఉండే సర్టిఫైడ్ వీగన్ గుర్తు ఉంటుంది. వి-లేబుల్ అనే పసుపుపచ్చ గుర్తు విషయంలో మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి. అందులో రెండు రకాలున్నాయి. కింద రాసిన మాట "వీగన్" అయితేనే మనకు పనికొస్తుంది, "వెజిటేరియన్" అయితే కాదు. గుర్తు లేకుండా ఉత్తి "సూటబుల్ ఫర్ వీగన్స్" అని రాసి ఉన్నా పర్వాలేదు. యూరప్‌లో ఆ మాటకు చట్టపరమైన నిర్వచనం లేకపోయినా, తప్పు రాసి పట్టుబడితే పరువు పోయేది వాళ్లదే.

మన దేశంలో 2022లో వచ్చిన వీగన్ ఆహార నిబంధనల ప్రకారం ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు వేరేగా ఉంది: పచ్చ రంగు "వి" అక్షరం, దాని మీద చిన్న ఆకు. ఆ నిర్వచనం గట్టిది. తయారీలో సాయపడే పదార్థాలతో సహా ఏ దశలోనూ జంతు ఉత్పత్తి ఉండకూడదంటుంది. సరిగ్గా వైన్‌కు కావలసింది అదే. పచ్చ చుక్క వేరు. పాలు శాకాహారమే కాబట్టి కేసిన్‌కు పచ్చ చుక్కతో పేచీ లేదు.

శాకాహారులు ముఖ్యంగా చూసుకోవలసింది

ఈ వ్యాసం వీగన్లకు మాత్రమే కాదు. మన ఇళ్లల్లో శాకాహారం అంటే పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి, గుడ్డు ఉండదు. బ్రిటన్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో "వెజిటేరియన్" అంటే గుడ్డు కూడా కలిసే ఉంటుంది. లండన్ సూపర్ మార్కెట్‌లో "సూటబుల్ ఫర్ వెజిటేరియన్స్" అని చూసి నిశ్చింతగా సీసా కొన్న తెలుగు శాకాహారి చేతిలో ఉన్నది గుడ్డు తెల్లసొనతో తేర్చిన వైన్ కావచ్చు. జెలటిన్, ఐసింగ్లాస్ లేవని మాత్రమే ఆ మాట చెబుతుంది. పాలతో మీకు ఇబ్బంది లేకపోయినా, గుడ్డు వద్దనుకుంటే "వీగన్" అని ఉన్నదే తీసుకోండి. మన శాకాహారానికి సరిపడే లేబుల్ మాట విదేశాల్లో అదొక్కటే.

తేర్చాక వైన్‌లో మిగిలేది అత్యల్పం, ఇంకెందుకు పట్టింపు అనేవారూ ఉన్నారు. అవశేషం నిజంగానే అత్యల్పం. కానీ నియమం ఉన్నవారికి ప్రశ్న ఎంత మిగిలిందన్నది కాదు, ఏది వాడారన్నది. దాన్ని ఎవరికి వారే తేల్చుకోవాలి. పక్కనున్నవారు చిన్నబుచ్చాల్సిన విషయం కాదు.

సేంద్రియం, బయోడైనమిక్, నేచురల్: ఏది వీగన్‌కు దగ్గర?

సేంద్రియం (ఆర్గానిక్) అంటే ద్రాక్షతోటలో కృత్రిమ రసాయన మందులు కొట్టలేదని, వైన్‌లో సల్ఫైట్ పరిమితి తక్కువని. తేర్చడానికి గుడ్డు, కేసిన్, జెలటిన్, ఐసింగ్లాస్ నాలుగింటికీ యూరప్ ఆర్గానిక్ నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆర్గానిక్ ఆకు గుర్తు చూసి వీగన్ అనుకోవడం పొరపాటు.

బయోడైనమిక్ ఇంకాస్త చిక్కు. ఆ పద్ధతిలో ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తీసి నీళ్లలో కలిపి తోటలో చల్లుతారు. వైన్‌లో గుడ్డు పడకపోయినా తోటలో ఆవు కొమ్ము ఉంది. కొందరు వీగన్లు దీన్ని ఒప్పుకుంటారు, ఎరువుగా పేడ ఎక్కడైనా ఉండేదే కదా అంటారు. కొందరు ఒప్పుకోరు. కాలిఫోర్నియా మెండసీనోలోని ఫ్రే వైన్‌యార్డ్స్ లాంటి వారు ఆర్గానిక్, బయోడైనమిక్‌తోపాటు వీగన్ అని కూడా చెబుతారు. అంటే మూడూ ఒకచోట ఉండొచ్చు, కానీ ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

నేచురల్ వైన్ వీటిలో అన్నిటికంటే దగ్గర. ఏమీ వేయకుండా, ఏమీ తీయకుండా చేయడమే వాళ్ల పట్టుదల కాబట్టి తేర్చే పదార్థం పడే అవకాశం తక్కువ. అయితే నేచురల్ అన్న మాట కంటే "అన్‌ఫైన్డ్" అన్న మాట ముఖ్యం. ఫ్రెంచ్ సీసా మీదైతే "నాన్ కొల్లే" అని ఉంటుంది. "అన్‌ఫిల్టర్డ్" వేరు. వడకట్టలేదని దాని అర్థం, తేర్చలేదని కాదు. గుడ్డుతో తేర్చి వడకట్టకుండా నింపిన ఎర్ర వైన్ మీద "అన్‌ఫిల్టర్డ్" అని గర్వంగా రాసుకోవచ్చు. రెండు మాటల్లో కావలసింది మొదటిది.

షాపులో, బార్‌లో, ఏమీ తెలియనప్పుడు

సమాచారం దొరికిన మేరకు ఈ వరసలో వెళ్లండి. వీగన్ గుర్తు ఉన్న సీసా మొదటిది. అది లేకపోతే "అన్‌ఫైన్డ్" అని ఉన్నది. అదీ లేకపోతే బార్నివోర్ అనే వెబ్‌సైట్‌లో బ్రాండ్ పేరు కొట్టి చూడండి. బీరు, వైన్, మందు కంపెనీలకు ఉత్తరాలు రాసి తెప్పించిన జవాబులు అందులో ఉంటాయి. జవాబు ఏ ఏడాదిదో మాత్రం చూడాలి. వైనరీలు పదార్థాలు మారుస్తాయి. గిన్నిస్ బీరు దీనికి మంచి ఉదాహరణ: ఐసింగ్లాస్ మానేస్తున్నామని 2015లో ప్రకటించి తర్వాతి రెండు మూడేళ్లలో పూర్తిగా తప్పించారు. పాత జవాబు చూసి దాన్ని ఇప్పటికీ దూరం పెట్టేవాళ్లున్నారు. దీనికి తిరగబడ్డ సంగతి ఇంకా ఇబ్బంది: నిరుటి పంట వీగన్ అయినా, ఈ ఏడాది వగరు ఎక్కువైందని జెలటిన్ వేసి ఉండొచ్చు. ఒకే బ్రాండ్‌లో ఎరుపు వీగన్, తెలుపు కాకపోవడమూ మామూలే.

మన హైదరాబాద్‌లో, విజయవాడలో "వైన్స్" అని బోర్డున్న షాపులో వైన్ కంటే బ్రాందీ, విస్కీ, బీరే ఎక్కువ. వైన్ అర ఒక మూలన ఉంటుంది, కౌంటర్‌లోని మనిషికి ఈ ప్రశ్న అర్థం కాకపోవచ్చు, అది ఆయన తప్పూ కాదు. వెనక లేబుల్ ఫోటో తీసుకుని వైనరీకి మెయిల్ పెట్టడం మేలు. నాసిక్, సోలాపూర్, నంది కొండల వైనరీల వైన్లు మన షాపుల్లో దొరుకుతాయి కాబట్టి అడగడమూ తేలిక. "మీ వైన్ వీగనా?" అని ఒక్క ముక్కలో అడిగితే "అవును, ద్రాక్షతోనే చేస్తాం" అన్న జవాబు వచ్చే ప్రమాదం ఉంది. ఇలా అడగండి: "ఫలానా వైన్, ఫలానా సంవత్సరం పంట, ఈ బ్యాచ్ నంబర్. దీని తయారీలో గుడ్డు తెల్లసొన, కేసిన్, జెలటిన్, ఐసింగ్లాస్, లైసోజైమ్‌లలో ఏదైనా వాడారా? ఏ పదార్థం వాడారో పేరు చెప్పగలరా?" పేరుతో జవాబిచ్చిన వైనరీని నమ్మవచ్చు.

పెళ్లి విందులోనో, ఆఫీసు పార్టీలోనో ఏ వివరమూ దొరక్క ఊహించాల్సి వస్తే, పీపాలో పండించిన ఖరీదైన పాతకాలపు ఎర్ర వైన్ మీద గుడ్డు అనుమానం ఎక్కువ ఉంచుకోండి. పోర్చుగల్ తీపి వైన్ పోర్ట్‌లో వింటేజ్ రకాన్ని సాధారణంగా తేర్చకుండా, మడ్డితోనే సీసాల్లో నింపుతారు, అది కాస్త భద్రం. మామూలు రూబీ, టానీ పోర్ట్‌లకు ఆ హామీ లేదు. షాంపేన్‌లో సీసా మెడ దగ్గరకు మడ్డి దించే దశలో వాడేది బెంటొనైట్ లాంటివే, కానీ అంతకుముందు మూల వైన్‌ను ఎలా తేర్చారో తెలియదు. తేనెతో చేసే మీడ్ వీగన్ కాదు. రంగు కలిపిన ఫ్లేవర్డ్ వైన్లు, సాంగ్రియా (పండ్లు కలిపిన వైన్) సీసాల్లో ఈ-120 అన్న అంకె ఉంటే అది పురుగుల నుంచి తీసిన కార్మైన్ ఎరుపు. ఊహించడం ఇష్టం లేకపోతే ఆ పూటకు మానేయడమే సరైనది.

సీసా మూతి మీద మైనం ముద్ర ఉంటే అది తేనెమైనం కావచ్చు. అంతవరకు పట్టించుకునేవారు మెలితిప్పే మూత ఉన్నది ఎంచుకుంటే సరి.

తేర్చని వైన్ కొన్నాక

మన ఎండల్లో దీనికి ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. బెంటొనైట్ వేయని తెల్ల వైన్ వేడికి మబ్బు పడుతుంది, అందులోని ప్రొటీన్లు విరిగి పొగలా తేలుతాయి. చెడిపోయినట్టు కాదు గానీ చూడ్డానికి బాగుండదు, వేడికి రుచి కూడా దెబ్బతింటుంది. మే నెలలో ఏసీ లేని షాపు అరలో, వీధివైపు అద్దం పక్కన నిలబెట్టిన తెల్ల వైన్‌ను కొనకండి. అడుగున గాజుపెంకుల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తే భయపడొద్దు, అవి చల్లబడినప్పుడు పేరుకునే టార్టరేట్ ఉప్పు.

తేర్చని ఎర్ర వైన్ సీసాను తాగే ముందు ఒక రోజంతా నిలువుగా ఉంచండి. మడ్డి అడుక్కు దిగుతుంది. కదపకుండా తెరిచి, సీసా వెనక దీపమో ఫోన్ లైటో పెట్టి, ఒకే వంపులో గాజు కూజాలోకి వంచండి. మెడ దగ్గర మబ్బు కనిపించగానే ఆపేయండి. అడుగున రెండు సెంటీమీటర్లు వదిలేయడమే మంచిది, అది చేదుగా, ఇసుకలా తగులుతుంది.

ఇంట్లో చేసే ద్రాక్ష వైన్

క్రిస్మస్‌కు ఇంట్లో ద్రాక్షరసం పులియబెట్టేవారిలో కొందరు గిలక్కొట్టిన తెల్లసొన వేస్తారు. మీ రాష్ట్ర ఎక్సైజ్ నిబంధన చూసుకుని చేసుకునే పక్షంలో గుడ్డు లేకుండానూ కుదురుతుంది. పులవడం పూర్తిగా ఆగాక ఫ్రిజ్‌లో రెండు వారాలు కదపకుండా ఉంచి, సన్నని గొట్టంతో పైతేటను లాగి, అడుగు మూడు సెంటీమీటర్లు వదిలేస్తే చాలావరకు తేటపడుతుంది. పులవడం ఆగకముందే గట్టిగా మూత బిగిస్తే గాలి ఒత్తిడికి సీసా పగులుతుంది, అది మరిచిపోవద్దు.

అప్పటికీ మబ్బుగా ఉంటే వైన్‌కు పనికొచ్చే రకం బెంటొనైట్ తీసుకోండి. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 5 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఒక రోజు నాననిచ్చి, లీటరు వైన్‌కు 20 మిల్లీలీటర్ల చొప్పున పోసి తిప్పి, వారం పది రోజులు వదిలి తేటను వేరుచేయండి. ముందు ఒక గ్లాసు వైన్‌లో అదే నిష్పత్తిలో వేసి చూసుకుంటే మొత్తం పాడవదు.

బెంటొనైట్ వేసినా తేరకపోతే ద్రాక్షను ముందే ఉడికించారేమో గుర్తుచేసుకోండి. ఉడికిస్తే పండులోని పెక్టిన్ కరిగి వైన్‌లో నిలిచిపోతుంది. ఆ మబ్బును మట్టీ తీయలేదు, గుడ్డూ తీయలేదు. దాన్ని విరగ్గొట్టేది పెక్టినేజ్ ఎంజైమ్. అది కూడా బూజు నుంచి వచ్చేదే కాబట్టి వీగన్‌కు అడ్డం కాదు. పులియబెట్టే ముందు, రసం చల్లారాక కలిపితే బాగా పనిచేస్తుంది.